పుట్టమన్ను

చెదపురుగులు కట్టిన పుట్టలనుండి తీసిన మట్టిని పుట్టమన్ను అంటారు. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని జింబాబ్వే, జాంబియా, మలావీ దేశాలలో చిన్నరైతులు ఇసుక నేలల సారం పెంచడానికి దీనిని వాడుతారు. రసాయనిక ఎరువులు కొనలేని కుటుంబాలకు ఇది డబ్బు పెట్టకుండా దొరికే వనరు.

పుట్ట నిర్మాణం

పుట్టలను చీమలు పెడతాయని వాడుకలో అన్నప్పటికీ వీటిని కట్టేది చెదపురుగులే. జింబాబ్వేలో కనిపించే పెద్ద పుట్టలు మాక్రోటెర్మిస్ ప్రజాతి చెదలు కట్టినవి. షోనా భాషలో పుట్టను 'చురు' అంటారు. ఈ చెదలు నేల లోపలి పొరలనుండి బంకమట్టిని పైకి తెచ్చి, లాలాజలంతో కలిపి గోడలు కడతాయి. ఎండుటాకులు, గడ్డి, పుల్లలు లోపలికి చేర్చి, వాటిపై శిలీంధ్రాలను పెంచుతాయి.

మట్టి గుణాలు

ఇటువంటి పుట్టల మట్టిలో చుట్టుపక్కల పైమట్టికంటే బంకమన్ను పాలు ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కూడా సాధారణంగా ఎక్కువగా ఉంటాయి. పెద్ద పుట్టలలో సున్నం పేరుకొని ఆమ్ల నేలల పులుపును తగ్గిస్తుంది. ఇసుక నేలలో కలిపినపుడు బంకమన్ను తేమను, పోషకాలను పట్టి ఉంచుతుంది. అయితే పుట్ట గోడలలో సేంద్రియ పదార్థం తరచు తక్కువే. భాస్వరం కూడా అన్ని పుట్టలలో సమృద్ధిగా ఉండదు. అందువలన పుట్టమన్ను పశువుల ఎరువుకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

వాడే విధానం

జింబాబ్వేలో ఎండాకాలంలో పుట్టను తవ్వి, గడ్డలు చితగ్గొట్టి, ఎడ్లబండ్లపై పొలానికి చేరుస్తారు. నవంబరు ప్రాంతంలో వర్షాలు మొదలయ్యేలోగా మన్నును వెదజల్లి దున్నుతారు. కొందరు రైతులు దానిని పశువుల పేడతో కలిపి వాడుతారు. పుట్టను తవ్వకుండా దానిపైనా, దాని చుట్టూనూ మొక్కజొన్న వంటి పైర్లు వేసే అలవాటు కూడా ఉంది.

పరిమితులు

ఒక హెక్టారు నేలపై ఒక సెంటీమీటరు మందాన పరచడానికి 100 ఘనపు మీటర్ల మన్ను కావాలి. ఇంత తవ్వడం, మోయడం చాలా శ్రమ. కనుక చవిటినేలలా పంట పండని మడులకో, పొలంలో ఒక భాగానికో పరిమితం చేయడం మేలు. పెద్ద పుట్ట పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. చెదలున్న పుట్టను పూర్తిగా తవ్వితే మన్ను తయారుచేసే జీవులే నశిస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మెట్ట గోధుమ పొలాలలో జరిపిన ఒక పరిశోధన 2011లో వెలువడింది. చీమలు, చెదలు ఉన్నచోట దిగుబడి 36 శాతం ఎక్కువగా వచ్చిందని అది తెలిపింది. వాటి సొరంగాల ద్వారా వాననీరు బాగా ఇంకడం, నేలలో నత్రజని పెరగడం ఇందుకు కారణాలు. కొన్ని చెదలు పైర్లను పాడుచేసే మాట కూడా నిజమే. చెదలు విడిచిన పుట్టలను వాడటం మంచిదే కాని, వాటిలో పాములు చేరే అవకాశం ఉన్నందున జాగ్రత్త అవసరం.

తెలుగునాట

తెలుగువారు నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తారు. ఆలయ ఉత్సవాలకు ముందు పుట్టమన్ను తెచ్చి, అందులో నవధాన్యాలు మొలకెత్తించే అంకురార్పణ ఆచారం ఉంది. ప్రకృతి వ్యవసాయంలో 200 లీటర్ల జీవామృతానికి పిడికెడు గట్టుమట్టి గాని పుట్టమన్ను గాని కలుపుతారు. ఇక్కడ ఉద్దేశం సూక్ష్మజీవులను చేర్చడమే. నేల స్వభావాన్ని మార్చడం కాదు. తేలికపాటి ఎర్రనేలలకు బంకమన్ను అందించడానికి తెలుగు రైతులు ఎక్కువగా ఆధారపడేది చెరువు పూడికమట్టి పైన. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనులలో తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు. పుట్టమన్ను, పూడికమట్టి రెండూ ఇసుకపాలు ఎక్కువైన నేలలకే ఉపకరిస్తాయి. బంకమన్ను ఇదివరకే అధికంగా ఉన్న నల్లరేగడికి వీటి అవసరం అంతగా ఉండదు.