కొయ్యలు నరికిన ఓడ

ధ్యాన వాక్యభాగము: అపొ. కార్య. 27:18–44



మనం పెన్నా ఒడ్డున పెరిగినవాళ్ళం, సముద్రం మనకు దూరం. అయినా మన సంఘ చరిత్రలో తెరచాప ఓడ ఉంది. కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. ఆ రోజుల్లో ఇంగ్లండు నుండి మిషనరీలు ఆఫ్రికా చుట్టూ తిరిగి, నెలల తరబడి గాలినే నమ్ముకొని మద్రాసు చేరేవారు. ఆ దారిన నడిచిన ఓడల్లో ఒకటి నేటికీ ఉంది. దాని పేరు స్టార్ ఆఫ్ ఇండియా.

1863లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో దాన్ని ఇనుముతో కట్టారు. అప్పటి పేరు యూటర్పి. మొదటి ప్రయాణంలోనే మరో ఓడ తగిలింది, పనివాళ్ళు తిరగబడ్డారు. 1865లో మద్రాసు దగ్గర తుఫానులో చిక్కింది. ఎత్తైన కొయ్యలు నిలిచి ఉంటే గాలి ఓడను పడదోస్తుంది. అందుకే ఓడవారు తమ చేతులతోనే వాటిని నరికి పారేశారు. ఓడ ఎలాగో ట్రింకోమలి చేరి, తర్వాత కలకత్తాలో బాగుపడింది. కెప్టెన్ స్టోరీ మాత్రం తిరుగు ప్రయాణంలో సముద్రం మీదే కన్నుమూశాడు.

తర్వాత అది పాతికేళ్ళపాటు న్యూజిలాండుకు వలస కుటుంబాలను చేర్చింది. అలాస్కా చేపల పనికి తిరిగింది. 1906లో ఇప్పటి పేరు వచ్చింది. 1923లో పని ఆగిపోయింది. 1926లో శాండియాగోవారు కొన్నారు గానీ, బాగుచేయడానికి డబ్బు లేక ముప్పై ఏళ్ళు తుప్పు పట్టింది. 1957లో అలన్ విలియర్స్ అనే నావికుడు దాని దుస్థితిని లోకానికి చెప్పాడు. పట్టణస్థులు పూనుకొన్నారు. 1976లో అది మళ్ళీ తెరచాపలు ఎత్తింది.

పౌలు ఎక్కిన ఓడలోనూ సరుకులు, సామగ్రి సముద్రం పాలయ్యాయి. చివరికి ఓడే పోయింది. 276 మంది ప్రాణాలు మాత్రం దక్కాయి.

మనలో కొందరు అప్పు తీర్చడానికి చీనీ తోట అమ్ముకున్నారు. కొందరు బిడ్డ వైద్యానికి తాళిబొట్టు గొలుసు కూడా తాకట్టు పెట్టారు. "దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడా అయ్యా?" అని అడుగుతారు. కెప్టెన్ స్టోరీని తలచుకుంటే మేము తేలిక జవాబు చెప్పలేము. పోయినవన్నీ తిరిగి వస్తాయని మాట ఇవ్వలేము. కానీ ప్రాణం కోసం నరికిన కొయ్యను చూసి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

ఈ వారం మన వీధిలో తుప్పు పట్టిపోతున్న ఓడ ఎవరో చూద్దాం. విలియర్స్ చేసింది మొదట ఆగి చూడటమే.

ప్రభువు మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.