ముందు మనిషిని సరిగ్గా పడుకోబెట్టండి

సికింద్రాబాద్ పేరెత్తితే వైద్యచరిత్ర తెలిసినవాళ్లు రొనాల్డ్ రాస్‌నీ, బేగంపేటనీ, 1897 నాటి మలేరియా దోమనీ తలుచుకుంటారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1889లో, ఈ జంటనగరాల్లో మరో గొప్ప తతంగం నడిచింది. అదే, మత్తుకు వాడే క్లోరోఫామ్‌తో ప్రమాదం ఎక్కడుందో తేల్చడానికి కూర్చున్న హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్. మత్తిచ్చేవాళ్లకు ఆ కమిషన్ రాసిన సూచనల్లో మొదటిది మందు గురించి కాదు, పడక గురించి! రోగి వెల్లకిలా ఉండాలి, ఊపిరికి అడ్డుండకూడదు. మెడకూ ఛాతీకీ పొట్టకూ బిగుతు బట్టలు పనికిరావు. పెనుగులాడితే భుజాలో, కటిభాగమో, కాళ్లో పట్టుకోవాలి తప్ప ఛాతీ మీదా పొట్ట మీదా ఎవరూ చెయ్యి అదమకూడదు. అప్పటికి కాళ్లంటే మనిషిని పట్టి ఆపే పిడులన్నమాట. నేడు ఆ కాలికి మాత్రమే మత్తిచ్చి, మనిషిని మెలకువగా ఉంచుతున్నారు.

కమిషన్ వెనక ఉన్నది రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు, మహా పట్టుదల మనిషి. క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరే కాబట్టి నాడి కాదు, శ్వాస చూడండన్నది గురువు పాఠం. లండన్ వాళ్లు గుండెకే ప్రమాదమన్నారు. లారీ 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయిస్తే లండన్ వైద్యపత్రిక లాన్సెట్ నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోమన్నాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు వందల్లో బలయ్యాయి. చివరికి లండన్ నుంచి వచ్చిన బ్రంటన్ కూడా లారీ పక్షానికే చేరాడు. లారీ దగ్గర చదివి, కమిషన్ నడిచిన 1889లోనే బయటికొచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇచ్చింది. ఆడవాళ్లలో ప్రపంచంలోనే తొలి మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. ఆ పేరు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం సిగ్గుచేటు.

లారీ వాదం నిలవలేదు. తక్కువ మోతాదు క్లోరోఫామ్ కూడా గుండె లయ తప్పించి చంపగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు తేల్చాడు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద మింగేసింది. పడక గురించిన ఆ నాలుగు మాటలకు మాత్రం ఏమీ కాలేదు.

ఈలోగా కథ ఒళ్లంతా కాక ఒక్క భాగానికే మత్తిచ్చే దారి పట్టి, నరాల వైపు మళ్లింది. 1884లో వియన్నాలో కోలర్ అనే వైద్యుడు కొకైన్‌తో కంటికి స్పర్శ పోగొట్టాడు. 1922లో లబా అనే వైద్యుడు రాసిన పుస్తకం ప్రకారం, తొడ వెనకగా కాల్లోకి దిగే సయాటిక్ నరం కోసం రోగిని పక్కకు తిప్పి, మోకాలు మడిపించి, ఎముకలు తడిమి, చర్మం మీద గీతలు గీసి కొలిచారు. విరిగిన కాలితో అలా తిరగడమే ఒక శిక్ష. 1963లో బెక్ అనే వైద్యుడు అదే నరానికి తొడ ముందువైపు నుంచి దారి చూపాడు గానీ అక్కడ నరం బాగా లోతు. 1997లో వియన్నా వైద్యులే తొడ నరాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మందు ఇచ్చారు.

ఇప్పుడు మడమ ఆపరేషను కోసం నరానికి మత్తిచ్చేటప్పుడు (దీన్నే బ్లాక్ అంటారు) రోగిని వెల్లకిలాగానే పడుకోబెట్టి పిక్క కింద మడతపెట్టిన దుప్పట్లు పెడతారు. మోకాలి వెనక అల్ట్రాసౌండ్ ప్రోబు పట్టేంత సందు దొరుకుతుంది. జెల్ రాసిన ప్రోబు కింద నుంచి, సూది తొడ బయటివైపు నుంచి. యంత్రం మంచానికి అవతల, డాక్టరు చూపు చేతి మీంచి నేరుగా తెరకు వెళ్లేలా. మోకాలి కీలు మార్పించుకునేవాళ్లకు తొడ లోపలి వైపు బ్లాకైతే కాలిని కాస్త బయటికి వాల్చితే చాలు. తుంటి విరిగిన ముసలివాళ్లకు గజ్జ దగ్గర ముందే బ్లాక్ ఇచ్చేస్తే, వెన్నులో సూదికి కూర్చోబెట్టేటప్పుడు నొప్పికి పెట్టే కేకలు బాగా తగ్గుతాయి.

పోయిందీ ఉంది. ఎముకను వేలితో తడిమి నరం ఎక్కడుందో చెప్పే ఆ నేర్పు తెర ముందు మొద్దుబారుతోంది. కరెంటు పోయిన రోజున అదే దిక్కు, కాబట్టి కుర్ర డాక్టర్లకు గీతలు గీయడం కూడా నేర్పాలి.

మీ ఇంట్లో ఎవరికైనా కాలి ఆపరేషను ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి: వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందా, మోకాలు ఎంతవరకు మడుస్తారు, ఏ పక్కకు తిరిగితే నొప్పి. అడిగేదాకా ఆగొద్దు.