వ్రాత వేఱు, చేయి వేఱు

బెంగుళూరున తరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో రష్యా, చైనా దేశములకేగి వైద్యము చదివి వచ్చిన బిడ్డలున్నారు. 'నీకు రోగిని చూచుట బాగుగా వచ్చునా, నాయనా?' అని యడిగినచో ఒకడు తడుముకొనక వచ్చుననును. వేఱొకడు తల వంచుకొనును. ఇరువురి మాటయు కొలబద్ద కాజాలదు.

ఈ చిక్కు మనవారికి క్రొత్తది కాదు. 1965 నాటి వలస చట్టము పిమ్మట గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదు కళాశాలలలో చదివిన వైద్యులనేకులు అమెరికా చేరిరి. వారికచ్చట 1958 నుండియు వ్రాతపరీక్ష యుండెను. చేతి నేర్పునకు పరీక్ష 1998లో గాని రాలేదు. అందు రోగిగా నటించుటకు శిక్షణ పొందిన మనుష్యుడుండును. వైద్యుడతని బాధ విచారించి, గుండె, ఊపిరి పరీక్షించి, అర్థమగునట్లు చెప్పి వెడలును. వెనువెంటనే ఆ 'రోగి' వైద్యుడేమి యడిగెనో, ఏమి మఱచెనో గుర్తించి వ్రాయును.

2006లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక సమీక్ష వెలువడెను. వైద్యుల స్వీయ అంచనాను ఇతరుల కొలతతో సరిచూచిన 20 పోలికలలో 13 చోట్ల పొంతన స్వల్పము, లేదా శూన్యము, లేదా విపరీతము. నాకిది వింత తోచలేదు. గుమాస్తాగా నున్నన్నాళ్లు నా కూడికలోని తప్పు ప్రక్కబల్లవానికే కనబడెడిది.

అమెరికాలోని ఆ పరీక్ష కోవిడు వలన 2020లో ఆగి, 2021లో రద్దయ్యెను. మనదేశమున విదేశ పట్టభద్రులకు 2002లో ఏర్పడినది ప్రశ్నపత్రమే. అది దాటినవారు ఇచ్చట ఆసుపత్రిలో శిక్షణ పొందవలెను. కావున ఆ బిడ్డలను మనము మార్కులడుగుటకు మునుపు, 'నీవు రోగిని చూచుచుండగా నిన్నెవరు చూచిరి?' అని యడుగుదము.