మేకులు కొట్టిన కిటికీలు

డిసెంబరు మూడో తేదీ రాత్రి గాలి తిరిగింది. తెల్లారేసరికి నేల గడ్డకట్టింది. ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ సముద్రపుటొడ్డున ఉండే నాట్ హాకెన్ ఇంటికి యుద్ధం రెండోసారి వచ్చింది. ఈసారి వచ్చినవి పక్షులు.

డాఫ్నె డ్యు మారియే 1952లో 'ది ఆపిల్ ట్రీ' సంపుటిలో వెలువరించిన 'ది బర్డ్స్' కథ ఇది. అప్పటికి బ్రిటన్‌లో ఇంకా రేషన్ ఎత్తేయలేదు. 1941 మార్చి, ఏప్రిల్ నెలల్లో జర్మన్ బాంబులకు ప్లిమత్ నడిబొడ్డు నేలమట్టమైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ ఊళ్లోనే నాట్ తన తల్లి ఇంటి కిటికీలకు పలకలు బిగించాడు, తలదాచుకునే చోటు కట్టాడు. తీరా ఆ గడియ వచ్చినప్పుడు అవేవీ అక్కరకు రాలేదు. రచయిత్రి ఈ మాట క్లుప్తంగా చెప్పి ముందుకు సాగిపోతుంది. కథలోని దుఃఖమంతా నాకు అక్కడే ఉన్నట్టు తోస్తుంది.

ఎందుకంటే ఆ మనిషే మళ్లీ పలకలు కోస్తాడు. యుద్ధంలో దెబ్బతిన్నందుకు వచ్చే పింఛను, వారానికి మూడు రోజుల పొలం పని, భార్య, ఇద్దరు పిల్లలు: అతని లోకం అంతే. మొదటి రాత్రి పిల్లల గదిలోకి పిట్టలు దూరాయి. తెల్లారి చూస్తే నేల మీద యాభై దాకా చచ్చి పడి ఉన్నాయి. ఆ రోజే ఒడ్డుకు వెళితే దూరాన అలల నురగ కనిపించింది. నురగ కాదది, సీగల్ పక్షులు. వేలకు వేలు, పోటు కోసం కాచుకుని ఉన్నాయి.

రైతు ట్రిగ్ నవ్వాడు. తుపాకీ ఉందిగా అన్నాడు. ఇది రష్యావాళ్ల పని అని పట్నంలో అనుకుంటున్నారట. కీడు ఎటునుంచి వచ్చినా వేలు చూపడానికి ఒక దేశం ఉండాలని అలవాటు పడ్డ కాలం అది.

నాట్ నవ్వలేదు. కిటికీలు మూశాడు, పొగగొట్టం కింద మంట ఆరనివ్వలేదు, అందర్నీ వంటగదిలో పడుకోబెట్టాడు, కొవ్వొత్తులూ తిండీ లెక్క చూసుకున్నాడు. బాంబుల కాలం నేర్పిన విద్య అంతా వాడాడు. కానీ బాంబుల రాత్రి అయిపోతే సైరన్ మోగి చెప్పేది. శత్రువుకు రాజధాని ఉండేది, సంధికి కాగితం ఉండేది. చావడానికి వెనుకాడని ఈ రెక్కలతో ఎవరు సంధి చేసుకుంటారు? ప్రభుత్వం విమానాలు పంపింది. అవి కూలిన చప్పుడు నాట్ చెవిన పడింది.

మర్నాడు పోటు తీసిన వేళ ట్రిగ్ ఇంటికి వెళితే, అతను టెలిఫోన్ దగ్గర చచ్చి పడి ఉన్నాడు. మేడ మీద అతని భార్య, పక్కన విరిగిన గొడుగు. రేడియో మూగబోయింది. విదేశీ స్టేషన్లూ పలకలేదు. అమెరికా ఏదైనా చేయదా అని నాట్ భార్య అడిగింది. అతను జవాబు చెప్పలేదు. చివరి సిగరెట్ వెలిగించుకుని, ఖాళీ పెట్టె మంటలో పడేశాడు. కథ అక్కడ ఆగుతుంది.

1963లో హిచ్‌కాక్ దీన్ని సినిమాగా తీస్తూ కాలిఫోర్నియాలోని బొడేగా బేకు మార్చాడు. నాట్ లేడు, ప్లిమత్ లేదు. ఆ సినిమా ఒక్కటే చూసినవారు దయచేసి కథ కూడా చదవండి.