అణా ఫలహారం ఎవరి ఖాతాలో?

మద్రాసు టి.నగర్‌లోని ‘టి’ మన తెలుగు ఇంటి బిడ్డ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది.

ఆయన కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉండగా, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పేదరికంవల్ల పిల్లలు తగ్గిపోతున్నారని, వారికి ఫలహారం పెట్టాలని తీర్మానించారు. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదన్నారు. తర్వాత మరో నాలుగు బళ్లలోనూ పెట్టారు. 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25కు 1,671 మంది అయ్యారు. ఖాళీ కడుపున ఎక్కాలు ఎక్కవని మా పంతుళ్లకు వేరే చెప్పాలా!

పేచీ డబ్బు దగ్గర వచ్చింది. ప్రాథమిక విద్యానిధిలోంచి తిండి ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1925 ఏప్రిల్ 1న ఫలహారం ఆగిపోయింది. చెట్టిగారు కన్నుమూసిందీ ఆ ఏడే.

25 బళ్లలో ఆకలితో అలమటించే వెయ్యిమందికైనా పెడదామని మళ్లీ ప్రతిపాదన వచ్చింది. 1927లోగాని పొయ్యి వెలగలేదు.