బేగంపేట లైనులో బ్రేకు చప్పుడు

వెనుక బెంచీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం గాలి అటు నుంచి వీస్తే బేగంపేట స్టేషన్‌లో ఆగే రైలు చప్పుడు మన క్లాసులోకి వినిపించేది. ముందు చక్రాలకు ఇనుప దిమ్మెలు రాసుకున్న కీచుధ్వని, దానితోపాటే బుస్సుమని గాలి. ఫిజిక్స్ సార్ ఒకరోజు పాఠం ఆపి, "బ్రేకు వేస్తే గాలి బయటికి పోతుందా, లోపలికి వస్తుందా?" అని అడిగారు. అందరం బయటికే అన్నాం. కాదన్నారు. ఎందుకు కాదో నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు రైళ్లకు బ్రేకు సామాను సరఫరా చేసే పనిలోనే బతికాను.

అప్పట్లో మన రైళ్లవి ఎక్కువగా వాక్యూమ్ బ్రేకులు. రైలు పొడవునా ఉన్న గొట్టంలోంచి ఇంజిన్ గాలిని లాగేసి ఉంచేది. డ్రైవర్ బ్రేకు వేస్తే బయటి గాలి లోపలికి చొరబడి, పిస్టన్‌ను నెట్టి, దిమ్మెలను చక్రాలకు అదిమేది. సార్ చెప్పిందే నిజం. అయితే వాతావరణ పీడనం పాదరసం లెక్కలో 760 మిల్లీమీటర్లు. మన రైల్వేలో వాడిన వాక్యూమ్ 510 దాకానే. ఎంత గుంజినా బ్రేకుకు దొరికే బలం అంతే. పైగా ముందు చొరబడిన గాలి చివరి బోగీని చేరేసరికి ఆలస్యం. పొడవైన గూడ్సుకు ఇది చాలదు.

అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లోనే గాలి ఒత్తిడితో బ్రేకు చేశాడు. అందులో ఒక లోపం: గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872లో దాన్ని తిరగేశాడు. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది. ఒత్తిడి పోగానే ప్రతి పెట్టె కింది ట్యాంకులో నిల్వ ఉన్న గాలి బ్రేకు వేస్తుంది. రైలు రెండు ముక్కలైనా రెండూ ఆగుతాయి. ఆవిరి ఇంజిన్ తర్వాత రైలు చరిత్రలో ఇంత గొప్ప ఆలోచన లేదని నా అభిప్రాయం. మా వృత్తివాడి పక్షపాతం అనుకున్నా సరే. మన దేశంలో మాత్రం వాక్యూమ్ పాతుకుపోయింది. గూడ్సుకు ఎయిర్ బ్రేకులు విస్తారంగా రావడానికి 1980లలో బాక్స్‌ఎన్ వ్యాగన్ల దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటివి 58 ఒక రేకు, పొడవు ఆరువందల మీటర్ల పైమాటే. గొట్టంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి రేకు ఒకదానికి మా వాల్వులు బిగించారు. ఇంజిన్ దగ్గర గేజీలో 5 కనబడింది. పరీక్ష కాగితం మీద సంతకానికి పెన్ను తీశాను. పక్కనున్న ముసలి ఫిట్టర్ నా చెయ్యి పట్టుకుని "ఆఖరి డబ్బా దాకా నడిచి చూడు బిడ్డా" అన్నాడు. మే నెల ఎండలో తిట్టుకుంటూ నడిచాను. చివర గేజీ పెడితే సున్నా. నడుమ ఒక వ్యాగన్ దగ్గర యాంగిల్ కాక్ మూసి ఉంది. దాని వెనకున్న వ్యాగన్ల ట్యాంకుల్లో గాలే లేదు, అంటే వాటికి బ్రేకే లేదు. ఈ సంగతి చాలాకాలం ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

ప్రయాణికుల రైళ్లలో తర్వాత ఎల్‌హెచ్‌బీ బోగీలు, డిస్కు బ్రేకులు వచ్చాయి. ఇక అమీర్‌పేట అంటే మైత్రీవనం, కోచింగ్ బోర్డులు అని లోకం అనుకుంటున్న రోజుల్లో మన నెత్తి మీదికి మెట్రో వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ వైపులకు, 2018 సెప్టెంబరు 24న పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్‌కు. పంజాగుట్టలో ఎక్కి అమీర్‌పేట వచ్చేటప్పుడు చెవి పెట్టి వినండి. వేగం తగ్గుతుంటే మోటారు శబ్దం కిందికి దిగుతుంది. అప్పుడు మోటారే జనరేటరై, రైలు పరుగును కరెంటుగా మార్చి పై తీగకు తిరిగి ఇస్తుంది. చివరి కొద్ది వేగానికే గాలి బ్రేకు పని.

మన బడి వెనకటి పాత లైను కూడా ఊరుకోలేదు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి నడిచిన ఆ మార్గంలోనే, లింగంపల్లి దాటాక వికారాబాద్ వైపు, 'కవచ్'ను పరీక్షించారు. ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. దాన్ని మొదట సరఫరా చేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు ఇంజిన్లు నడిపితే, రైల్వే మంత్రి ఉన్న ఇంజిన్ రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. డ్రైవర్ చెయ్యి వేయకపోయినా ఆ పెట్టె బ్రేకు వేస్తుంది. కానీ అది వేసేది కూడా అదే గొట్టంలోని గాలితోనే. ఆఖరి డబ్బా దాకా ఎవరో ఒకరు నడిచి చూడాల్సిందే.

జూబ్లీకి సార్ వస్తున్నారని విన్నాను. సభ అయ్యాక ఆయన్ని మెట్రోలో పంజాగుట్ట దాకా తీసుకెళ్లాలని ఉంది. మోటారు సంగతి నాకంటే ఆయనే బాగా చెబుతారు.