అండమాన్‌లో కారు ధర: పొరుగు దేశాల పన్నులు, తెలుగు రాష్ట్రాల పన్నులతో ఒక పోలిక

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీవిజయపురం. 2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్. అక్కడి నుంచి విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్లు, చెన్నై సుమారు 1,190 కిలోమీటర్లు. దీవుల దక్షిణ కొస అయిన గ్రేట్ నికోబార్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా మాత్రం దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవులు మరింత దగ్గర. తూర్పున అండమాన్ సముద్రం దాటితే థాయిలాండ్ తీరం వస్తుంది. విదేశం దగ్గరగా, స్వదేశపు కార్ల కర్మాగారం దూరంగా ఉన్న ప్రాంతమిది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 3,80,581 మంది నివసిస్తున్నారు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉద్యోగం, వ్యాపారం, చేపల వేట కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. కారు కొనాలనుకున్నప్పుడు ఇలాంటి కుటుంబాలకు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. దీవుల్లోనే కొనాలా, విశాఖలో కొని ఓడలో తెచ్చుకోవాలా, ఊళ్లో ఉన్న పాత బండినే తరలించాలా? వీటికి సమాధానం షోరూంలో చెప్పే ధరలో దొరకదు. పన్నుల లెక్క చూస్తేనే తెలుస్తుంది.

జీఎస్టీతో తొలగిపోయిన తేడా

2017 జులై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చే వరకు అండమాన్ దీవుల్లో కార్లపై విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్, ఉండేది కాదు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కారుపై 14.5 శాతం వ్యాట్ ఉండేది. జీఎస్టీ రాకతో ఈ తేడా పోయింది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడ రాష్ట్ర జీఎస్టీకి బదులుగా కేంద్రపాలిత ప్రాంత జీఎస్టీ వసూలవుతుంది. మొత్తం రేటు మాత్రం దేశమంతటా ఒకటే.

2025 సెప్టెంబరు 22న ఆ రేట్లు మారాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలు ఇంజను సామర్థ్యం 1,200 సీసీ లేదా డీజిలు ఇంజను సామర్థ్యం 1,500 సీసీ మించని కార్లపై 18 శాతం పన్ను పడుతుంది. వాటికంటే పెద్ద కార్లపై 40 శాతం. పరిహార సెస్సును కార్లపై తొలగించారు. విద్యుత్ కార్లపై 5 శాతం రేటు కొనసాగుతోంది.

పన్నుకు ముందు 6 లక్షల రూపాయల విలువైన చిన్న పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాం. 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు ఉన్న పాత పద్ధతిలో దాని ధర 7,74,000 రూపాయలు. కొత్త రేటుతో 7,08,000 రూపాయలు. ఈ 66,000 రూపాయల తగ్గుదల శ్రీకాకుళంలో ఉన్నవారికీ, శ్రీవిజయపురంలో ఉన్నవారికీ సమానమే. అంటే విశాఖలో కొన్నంత మాత్రాన జీఎస్టీలో ఆదా ఏమీ ఉండదు.

తేడా వచ్చేది వాహన పన్నులో

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 57వ అంశం ప్రకారం వాహనాలపై పన్ను విధించే అధికారం రాష్ట్రాలది. అందుకే ఒకే కారుకు రాష్ట్రానికో రేటు ఉంటుంది. అండమాన్‌కు శాసనసభ లేదు. అక్కడికి సంబంధించి పార్లమెంటు చట్టాలు చేస్తుంది. 240వ అధికరణ కింద రాష్ట్రపతి కూడా నిబంధనలు జారీ చేయవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో కారుకు జీవితకాల పన్ను, అంటే లైఫ్ ట్యాక్స్, ఒకేసారి చెల్లించాలి. 5 లక్షల రూపాయల వరకు ధర ఉన్న కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య ఉన్న కారుకు 14 శాతం, ఆపై ధరలకు మరింత ఎక్కువ రేటు అమల్లో ఉన్నాయి. పైన చెప్పిన 7,08,000 రూపాయల కారుకు 14 శాతం చొప్పున జీవితకాల పన్ను 99,120 రూపాయలవుతుంది. కొత్త జీఎస్టీ వల్ల మిగిలిన 66,000 కంటే ఇది ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో కొని దీవుల్లో నడపాలనుకునేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఎక్కడ ఉండి, వాహనం సాధారణంగా ఎక్కడ ఉంటుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్టరు చేయాలి. దీవుల్లో నివసించేవారు విశాఖలో కారు కొంటే అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, శాశ్వత రిజిస్ట్రేషన్ దీవుల్లో చేయించుకోవచ్చు. తెలియక విశాఖలోనే శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకుంటే దాదాపు లక్ష రూపాయలు అక్కడ చెల్లించాక, మళ్లీ దీవుల్లో రిజిస్ట్రేషన్ మార్చుకోవలసిన పని మిగులుతుంది.

ఓడ ఎక్కించే ఖర్చు

దీవుల్లో కార్ల కర్మాగారం లేదు. ప్రతి కారూ సముద్రం దాటి రావలసిందే. విశాఖ నుంచి శ్రీవిజయపురానికి ప్రయాణికుల ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. సరుకు ఓడలో స్థలం దొరకడం, వాతావరణం, రేవులో వంతు, అన్నీ కలిసిరావాలి. స్థానిక డీలరు చెప్పే ధరలో ఈ రవాణా ఖర్చు ముందే కలిసి ఉండవచ్చు. సొంతంగా తెచ్చుకునేవారు ఓడ కిరాయితో పాటు రేవులో ఎక్కించే, దించే ఛార్జీలు, సముద్ర ప్రయాణ బీమా లెక్కలో వేసుకోవాలి. ఈ రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప విశాఖ ధర చవకో కాదో తేలదు.

విడిభాగాలు కూడా సముద్రం మీదుగానే వస్తాయి. స్థానికంగా సర్వీసు కేంద్రం ఉన్న కంపెనీ కారు కొనడమా, ధర తక్కువని వేరే కంపెనీ కారు తెచ్చుకోవడమా అన్నది పదిహేనేళ్ల పాటు వెంటాడే నిర్ణయం.

పెట్రోలు బంకు దగ్గర ఆదా

పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలో లేవు. వీటిపై అండమాన్‌లో వ్యాట్ 1 శాతం మాత్రమే. తెలంగాణలో పెట్రోలుపై 35.20 శాతం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్ల అభివృద్ధి సెస్సు ఉన్నాయి. ఫలితంగా 2025లో దీవుల రాజధానిలో లీటరు పెట్రోలు సుమారు 82 రూపాయలు కాగా హైదరాబాద్‌లో 107 రూపాయలు దాటింది. దేశంలోనే అతి తక్కువ ధర పలికే చోట్లలో శ్రీవిజయపురం ఒకటి.

ఏడాదికి 600 లీటర్లు వాడే కుటుంబానికి లీటరుకు 25 రూపాయల చొప్పున 15,000 రూపాయలు మిగులుతాయి. అయితే దీవుల్లో అంత దూరం తిరిగే అవకాశం అందరికీ ఉండదు. శ్రీవిజయపురం నుంచి డిగ్లీపూర్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డుపై జరావాల అభయారణ్యం గుండా వాహనాలను నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే అనుమతిస్తారు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ తర్వాత బారాటాంగ్ చేరడానికి వాహనాన్ని ఫెర్రీ ఎక్కించాలి.

విద్యుత్ కారు ఆలోచించేవారు మరో విషయం గమనించాలి. తెలంగాణ 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఆ మినహాయింపు తెలంగాణలో రిజిస్టరయ్యే వాహనాలకే వర్తిస్తుంది.

పొరుగు దేశాల్లో లెక్క వేరు

థాయిలాండ్‌లో కార్ల ఉత్పత్తి భారీగా సాగుతుంది. విదేశీ కార్లపై సాధారణ దిగుమతి సుంకం 80 శాతం. ఆసియాన్ దేశాల్లో తయారైన కార్లకు ఒప్పందం మేరకు రాయితీ ఉంది. యజమాని ఏటా చెల్లించే పన్ను మాత్రం స్వల్పం. ఇంజనులో మొదటి 600 సీసీకి సీసీకి అర బాత్, 601 నుంచి 1,800 సీసీ వరకు ఒకటిన్నర బాత్, ఆపైన 4 బాత్‌ల చొప్పున లెక్కిస్తారు. 1,200 సీసీ కారుకు ఏడాదికి 1,200 బాత్ అవుతుంది. 2,500 సీసీ కారుకు 4,900 బాత్. కారు ఆరో ఏట అడుగుపెట్టినప్పటి నుంచి పన్ను తగ్గుతూ వస్తుంది.

ఇండోనేషియాలో వాహనం విలువపై ఏటా పన్ను ఉంటుంది. 2022 నాటి చట్టం మొదటి వాహనానికి 1.2 శాతాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టింది. జిల్లా, నగర పాలక సంస్థల కోసం ఆ పన్నుపై 66 శాతం అదనపు వసూలు 2025 జనవరి 5న మొదలైంది. ఒకే యజమాని పేరిట వాహనాలు పెరిగేకొద్దీ రేటు పెంచే వెసులుబాటు కూడా ఆ చట్టంలో ఉంది.

తెలుగువారు ఎక్కువగా ఉన్న సింగపూర్‌ది మరో దారి. 1990 నుంచి అక్కడ కారు కొనాలంటే ముందుగా వేలంలో పదేళ్ల హక్కు పత్రం కొనుక్కోవాలి. చిన్న కార్ల విభాగంలోనే 2023 అక్టోబరులో దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. దిగుమతి విలువ 20,000 డాలర్లున్న కారుకు 20 శాతం ఎక్సైజు సుంకం 4,000, దానిపై 9 శాతం జీఎస్టీ 2,160, అదనపు రిజిస్ట్రేషన్ రుసుము 20,000 డాలర్లు. పత్రంతో కలిపితే లక్షన్నర డాలర్ల దాకా చేరుతుంది. రోడ్ల మీద రద్దీని తగ్గించడమే ఈ పన్నుల ఉద్దేశం.

మలేసియాలోని లంకావి దీవి 1987 నుంచి సుంకరహిత ప్రాంతం. అక్కడ సుంకం లేకుండా కొన్న కారును ప్రధాన భూభాగంలో శాశ్వతంగా నడపడానికి వీల్లేదు. అనుమతితో కొంత కాలమే తీసుకెళ్లవచ్చు. దీవికిచ్చిన రాయితీ దీవిలోనే ఉండాలన్నది నియమం.

అక్కడి కారు ఇక్కడికి తేవచ్చా?

సుమత్రా ఎంత దగ్గరైనా అక్కడి కారు అండమాన్‌కు చవకగా రాదు. దీవులు భారత కస్టమ్స్ పరిధిలోనివే. 2025-26 కేంద్ర బడ్జెట్ తర్వాత, పూర్తిగా తయారై వచ్చే 40,000 డాలర్లలోపు విదేశీ కారుపై 70 శాతం సుంకం ఉంది. అంతకు మించిన వాటిపై సెస్సుతో కలిపి 110 శాతం పడుతుంది. ఆపైన జీఎస్టీ ఉండనే ఉంది. పాత కారైతే మూడేళ్లు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే రావాలి. మయన్మార్‌లో 1970 నుంచి వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తున్నాయి. థాయిలాండ్, ఇండోనేషియాలలో భారత్‌లో లాగే ఎడమవైపున నడుస్తాయి.

పాత బండి తరలించేవారికి

తెలుగు రాష్ట్రంలో రిజిస్టరైన కారు పన్నెండు నెలలకు మించి దీవుల్లో ఉంటే 47వ సెక్షన్ ప్రకారం అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు బయలుదేరే ముందే 48వ సెక్షన్ కింద ఫారం 28 ద్వారా సొంత రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం పొందాలి. కారుపై అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కావాలి. దీవులకు చేరాక ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. ముందుగా కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి సంబంధించిన భాగాన్ని నిబంధనల మేరకు తిరిగి కోరవచ్చు. దీనికి రసీదులు భద్రంగా ఉండాలి.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు ఉంది. ఉద్యోగ విరమణ చేసి ఏఎన్ నంబరు కారుతో సొంతూరు చేరే కుటుంబం, కారు వయసును బట్టి అక్కడి జీవితకాల పన్ను చెల్లించి నంబరు మార్చుకోవాలి. పన్ను తక్కువ ఉన్న చోట కేవలం చిరునామా చూపించి రిజిస్టరు చేయించి మరో రాష్ట్రంలో నడిపితే అధికారులు పన్నుతో పాటు జరిమానా వసూలు చేయవచ్చు.

తరచూ బదిలీ అయ్యే రక్షణ సిబ్బందికి, ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 2021 సెప్టెంబరు 15న కేంద్రం బీహెచ్ శ్రేణి నంబరు ప్రవేశపెట్టింది. దీనికి 10 లక్షలలోపు కారుకు 8 శాతం, 10 నుంచి 20 లక్షల వరకు 10 శాతం, ఆపైన 12 శాతం రేటును ఆధారంగా తీసుకుని రెండేళ్ల చొప్పున పన్ను కడతారు. డీజిలు కారుకు 2 శాతం ఎక్కువ, విద్యుత్ కారుకు 2 శాతం తక్కువ.

కారు మీద రెండు మూడు చోట్ల ధరలు పోల్చేటప్పుడు షోరూం ధర, జీవితకాల పన్ను, ఓడ ఖర్చు, బీమా, ఏడాది పెట్రోలు ఖర్చు, ఈ ఐదింటినీ ఒకే కాగితం మీద రాసుకోవడం మంచిది. వాటికి ఆరో వరుసగా మరో ప్రశ్న చేర్చాలి. ఈ కారు వచ్చే పదేళ్లూ దీవుల్లోనే ఉంటుందా, ఎప్పుడైనా సముద్రం దాటి తిరిగి సొంతూరికి వస్తుందా? చాలా కుటుంబాలకు చివరి మొత్తాన్ని నిర్ణయించేది ఆ జవాబే.